మీ పేరున్న కుర్చీని ఖాళీగా ఉంచండి

అంతర్జాతీయ మహిళా సదస్సులకు మన రాష్ట్రం నుంచి వెళ్ళే అక్కలకు, మేడమ్‌లకు,

నమస్కారం. నాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక ఊరు. పొదుపు సంఘం లీడర్‌ని. పదిహేనేళ్ళ నుంచి గ్రామ సంఘం లెక్కలు రాస్తున్నాను. మీలో పదవుల్లో ఉన్నవాళ్ళున్నారు, కంపెనీలు నడిపేవాళ్ళున్నారు, స్వచ్ఛంద సంస్థలవాళ్ళున్నారు. ఒకరిద్దరు మాలాగే సంఘాల్లో మొదలై ఢిల్లీ దాకా వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. మీకు విదేశాల నుంచి పిలుపులొస్తాయి. విమానం టికెట్టు, హోటల్ గది, మెడలో కార్డు, బల్ల మీద మీ పేరు రాసిన పలక. ఆ పలక వెనక ఉండే కుర్చీ గురించే ఈ ఉత్తరం. హక్కులడిగిన ఆడవాళ్ళను జైల్లో పెట్టే సౌదీ లాంటి ప్రభుత్వాలు పిలిచినప్పుడు ఆ కుర్చీలో కూర్చోవాలా వద్దా అన్నదే సంగతి.

కుర్చీల సంగతి మాకు బాగా తెలుసు. ఇక్కడ ఏ సభ జరిగినా కుర్చీలు నింపేది మేమే కదా. ముందురోజు రాత్రి ఫోనొస్తుంది. "ఊరికి రెండు డీసీఎం వ్యాన్లు, సంఘానికి పది మంది. రాకుంటే ఫైన్." పొద్దున ఏడింటికి బండెక్కుతాం. పదకొండుకు వస్తానన్న సారు రెండింటికి వస్తాడు. అప్పటిదాకా పులిహోర పొట్లం, నీళ్ళ ప్యాకెట్, ఎండ. అట్లా కూర్చుని కూర్చుని మేము నేర్చుకున్నది ఒకటుంది. సభలో ఎవరైనా లేచి తిట్టినా స్టేజీ మీది పెద్దలు నవ్వుతూ ఊరుకుంటారు. కుర్చీలు ఖాళీగా కనబడ్డాయా, టెన్షన్ మొదలు. టెంట్‌హౌస్ పిల్లలు ఉరికొచ్చి వెనక వరసల కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఎత్తుకుపోతారు. మమ్మల్నందరినీ ముందుకు జరగమంటారు. ఫొటోగ్రాఫర్‌ని పక్కనుంచి తీయమంటారు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ స్టేజీ మీద కూర్చున్నవాళ్ళే. పైనుంచి చూస్తే ఇంకా బాగా కనబడుతుంది అనుకుంటా.

ఒకసారి మేము ఆ కుర్చీలు నింపలేదు. కొన్నేళ్ళ కిందటి మాట. మా సంఘంలో ఒకామె ఇంటి ముందరి బెల్టు షాపు తీసేయమని గొడవ పెట్టుకుంది. షాపువాడు ఆమె మీదే ఫిర్యాదు చేశాడు. స్టేషన్‌కు పిలిపించి పొద్దంతా బల్ల మీద కూర్చోబెట్టి, పొద్దుగూకినంక పంపించి, తెల్లారి మళ్ళీ రమ్మన్నారు. ఏ స్టేషనో ఎందుకులే. ఆ తెల్లారే మార్చి 8. మహిళా దినోత్సవం సభకు డీసీఎం వచ్చి రావిచెట్టు కింద ఆగింది. "మహిళలు మహారాణులు" అని బండికి బ్యానర్ కూడా కట్టారు. అది చదివిన ఒక ముసలామె, "మన మహారాణి స్టేషన్‌ల కూసున్నది కదనే, మనమెట్ల పోతం?" అన్నది. అంతే, ఎవరూ ఎక్కలేదు. డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి ఖాళీ బండితో పోయాడు. పక్క రెండూళ్ళవాళ్ళు కూడా సంగతి తెలిసి ఆగిపోయారు. పదకొండింటి నుంచి నా ఫోన్ ఆగకుండా మోగింది. ఒంటిగంట కాకముందే ఆమెను జీపులో తెచ్చి ఇంటి ముందర దింపి పోయారు.

అంతటితో కథ సుఖంగా ముగిసిందనుకోకండి. మా లోన్ ఫైలు నాలుగు నెలలు కదల్లేదు. వానాకాలం ముందర డబ్బు అందక ఒకామె పత్తి విత్తనాలకు బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. ఇప్పటికీ ఆ మాట తీసి నన్ను అంటుంది. పడతాను. పోకుండా ఉండడానికి ఖర్చవుతుందని తెలిసే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇక సౌదీ సంగతి. మా అన్న పదేళ్ళు రియాద్‌లో హౌస్ డ్రైవర్‌గా చేశాడు. గేటు పక్కన చిన్న గది, ఇఖామా అనే నివాస కార్డు కఫీల్ చేతిలో, అంటే పనిలో పెట్టుకున్న యజమాని చేతిలో, పొద్దున పిల్లల్ని బడిలో దింపడం, మేడమ్‌ను ఆఫీసుకు, మాల్‌కు, పుట్టింటికి తీసుకుపోవడం. గంటలకొద్దీ బండిలోనే కాచుకుని ఉండేవాడు. ఆ ఉద్యోగం ఎందుకుందో అప్పుడు మేము ఆలోచించలేదు. అక్కడ ఆడవాళ్ళు బండి నడపకూడదు కాబట్టి ఇంటికో మగ డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ దేవరకొండ నుంచో, కేరళ నుంచో, బంగ్లాదేశ్ నుంచో రావాలి. మా ఇంటి స్లాబు, చెల్లె పెళ్ళి అన్నీ ఆ నిషేధం పెట్టిన భిక్షే. రాస్తుంటే చెయ్యి ఆడడం లేదు, అయినా నిజం నిజమే.

2018 జూన్ 24 నుంచి అక్కడ ఆడవాళ్ళు బండి నడపొచ్చన్నారు. ప్రపంచమంతా టీవీల్లో చప్పట్లు కొట్టింది. ఆ వారంలో అన్న ఇమోలో ఫోన్ చేసి, "మా మేడం లైసెన్స్ తీసుకుంటదట, నా పని ఉంటదో పోతదో" అన్నాడు. ఆడవాళ్ళకు మంచే జరిగింది కదా అన్నాను. నవ్వాడు. మాకిద్దరికీ అప్పుడు తెలియనిది ఒకటుంది. ఆ హక్కు కోసం కొట్లాడినవాళ్ళను నెలకు పైగా ముందర నుంచే పట్టుకుపోయారు. మే 15న లుజైన్ అల్-హత్లూల్‌ను అరెస్టు చేశారు. అదే రోజుల్లో అజీజా అల్-యూసెఫ్‌ను, ఇమాన్ అల్-నఫ్జాన్‌ను. జూలై నెలాఖరున సమర్ బదావిని, నసీమా అల్-సాదాను. ప్రభుత్వానికి అనుకూలమైన పత్రికల్లో వాళ్ళ ఫొటోల మీద ద్రోహులని ముద్ర కొట్టి వేశారు.

నాకు ఈ సంగతి మా అమ్మాయి చెప్పింది. డిగ్రీ చదివేటప్పుడు ఎక్కడో చదివిందట. నేను నమ్మలేదు. హక్కు ఇచ్చేవాళ్ళు అడిగినవాళ్ళనెందుకు పట్టుకుంటారే అన్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, అడిగినందుకే పట్టుకున్నారు. ఆడవాళ్ళు 1990లోనే మొదలుపెట్టారు ఈ కొట్లాట. ఆ ఏడాది నవంబర్ 6న 47 మంది రియాద్ వీధుల్లో బండ్లు తోలి ఉద్యోగాల మీదికి తెచ్చుకున్నారు. 2011లో మనాల్ అల్-షరీఫ్ బండి నడిపిన వీడియో పెట్టి జైలుకు పోయింది. 2014 డిసెంబర్‌లో లుజైన్ ఎమిరేట్స్ నుంచి సరిహద్దు దాకా తానే నడుపుకుంటూ వచ్చి 73 రోజులు లోపల ఉంది. ఇంతమంది ఇన్నేళ్ళు అడిగితే వచ్చిందని జనానికి తెలిస్తే, రేపు ఇంకోటి అడుగుతారు. పైనుంచి దయతో ఇచ్చినట్టు కనబడాలంటే అడిగిన నోళ్ళు మూయించాలి. మాకిది కొత్తేమీ కాదు. వెట్టి మీద, దొరల మీద లేచిన ఆడవాళ్ళ కథలు వింటూనే ఈ జిల్లాలో పెరిగాం. మల్లు స్వరాజ్యం తలకు 10 వేల రూపాయల వెల కట్టిన నేల ఇది. భూమి దానంగా వచ్చిందని ఒక లెక్క రాస్తారు, దాని ముందర పోరాటమని ఇంకో లెక్క ఉంటుంది. ఏ లెక్క ముందు చెబుతారో చూస్తే చెప్పేవాళ్ళెవరో తెలిసిపోతుంది.

ఇప్పుడు సదస్సుల దగ్గరికి వస్తాను. 2020లో జీ20 అధ్యక్షత సౌదీది. దానికి అనుబంధంగా ఆడవాళ్ళ కోసం డబ్ల్యూ20 అని ఒకటుంటుంది, మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ ఏడు అక్టోబర్ 20 నుంచి 22 దాకా జరిగింది. కరోనా వల్ల తెరల మీదే. స్త్రీల సాధికారత, ఆడవాళ్ళ వ్యాపారం, ఆడవాళ్ళ నాయకత్వం, అన్నీ మాట్లాడారు. అది ముగిసిన నాలుగో రోజున, అక్టోబర్ 26న, లుజైన్ జైల్లో నిరాహారదీక్ష మొదలుపెట్టింది. పెద్ద పెద్ద కోరికలేం కాదు, ఇంటివాళ్ళతో మాట్లాడనివ్వమని. రెండు గంటలకోసారి నిద్రలేపి రెండు వారాలకు దీక్ష మాన్పించారని ఆమె కుటుంబం చెప్పింది. కరెంటు షాకులు, కొట్టడం, లైంగిక వేధింపుల సంగతి కూడా కుటుంబమే బయటపెట్టింది. ప్రభుత్వం అవన్నీ అబద్ధమన్నది. చిత్రహింసలు జరగలేదని వీడియోలో చెబితే వదిలేస్తామన్నారట, ఆమె ఒప్పుకోలేదట. ఇవి ఆమె తోబుట్టువులు బయటి దేశాల్లో ఉండి చెప్పిన మాటలు.

ఆమె మీద మోపిన నేరాల్లో ఒకటి వింటే మీరు ఉలిక్కిపడాలి. విదేశీ విలేకరులతో, రాయబారులతో మాట్లాడడం, ఐక్యరాజ్య సమితిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడం. మీరు ఆ సదస్సుల్లో రోజంతా చేసేది అదే కదా అక్కా. విలేకరులతో మాట్లాడతారు, రాయబారులతో ఫొటో దిగుతారు, ఐక్యరాజ్య సమితివాళ్ళకు విజిటింగ్ కార్డు ఇస్తారు. మీరు చేస్తే నెట్‌వర్కింగ్, ఆమె చేస్తే ఉగ్రవాద చట్టం. 2020 డిసెంబర్ 28న 5 ఏళ్ళ 8 నెలల శిక్ష వేశారు. అందులో కొంత అమలు కాకుండా ఆపి 2021 ఫిబ్రవరి 10న వదిలారు. 1,001 రోజులు. వదిలినాక కూడా దేశం దాటనివ్వలేదు.

అప్పుడు కుర్చీలు ఖాళీ చేసినవాళ్ళున్నారు. 2020 జనవరిలోనే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్, సివికస్ వంటి సంస్థలు జీ20 పౌర సంఘాల వేదికకు రామని చెప్పేశాయి. నగరాల సదస్సుకు లండన్, న్యూయార్క్, పారిస్, లాస్ ఏంజెలెస్ మేయర్లు దూరంగా ఉన్నారు. అక్టోబర్‌లో ఐరోపా పార్లమెంటు, నవంబర్‌లో జరిగే జీ20 దేశాధినేతల సదస్సుకు పెద్ద హోదావాళ్ళను పంపొద్దని తీర్మానం చేసింది. ఇదంతా జరిగినాక, సదస్సు దగ్గరపడుతుండగా, లండన్‌లో ఉన్న సౌదీ రాయబారే క్షమాభిక్ష మాట ఎత్తినట్టు పత్రికల్లో వచ్చింది. ఎంబసీ తర్వాత సర్దుకుంది, అది వేరే విషయం. నోరు జారిందంటే ఎక్కడో సెగ తగిలిందనే నేను అనుకుంటున్నాను. బహిష్కరణ వల్లే ఆమె బయటికొచ్చిందని చెప్పను. అమెరికాలో ప్రభుత్వం మారింది, కుటుంబం ఊరుకోలేదు, చాలా కలిశాయి. మా ఊరామె కూడా ఒక్క డీసీఎం ఖాళీగా పోయినందుకే ఇంటికొచ్చిందని రుజువు చేయమంటే నేను చేయలేను. ఎస్సై మనసు కరిగి ఉండొచ్చు. అయితే అంతకుముందు రోజంతా కరగలేదు.

"బహిష్కరణ" అన్న మాట నాకూ నచ్చదని చెప్పాలి. ఈ జిల్లాల్లో ఆ మాటకు చెడ్డ వాసన ఉంది. ఊరంతా ఒకటై నాలుగిళ్ళకు నీళ్ళు బంద్, కిరాణా బంద్, పనికి పిలిచేది బంద్ అంటే అదీ బహిష్కరణే. బలమున్నవాళ్ళు లేనివాళ్ళను వెలేయడం అది. నేనడిగేది తిరగేసింది. బలమున్నవాడు పెట్టిన విందుకు పోకుండా ఉండడం.

మీరనేది నాకు ముందే వినబడుతోంది. పోకుండా ఉంటే ఏం లాభం, పోయి లోపల మాట్లాడితేనే కదా మార్పు అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను, మా జిల్లా చరిత్రలోనే దానికి పెద్ద ఉదాహరణ ఉంది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ళతో కాళ్ళు వంకర్లు పోయి, నడుములు పట్టేసిన జనం ఓట్లు బహిష్కరిస్తే ఎవడూ పట్టించుకోడని గ్రహించారు. పోకుండా ఉండే బదులు అందరూ కలిసి లోపలికి పోయారు. నల్గొండ లోక్‌సభ సీటుకు 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది, దేశమంతా మా నీళ్ళ గురించి మాట్లాడింది. అప్పుడు నేను బడిపిల్లను. మా నాయన ఆ బ్యాలెట్ సంగతి చెప్పి నవ్వేవాడు, నవ్వితే ఆయన గారపట్టిన పళ్ళు కనబడేవి.

మరి ఆ లెక్కన పోవడమే మంచిది కదా? కాదు. నామినేషన్ వేసే హక్కు మా చేతిలో ఉండింది, దాన్ని మేము అడ్డంగా వాడుకున్నాం. రియాద్‌లో మైకు మీ చేతిలో ఉండదు. ఎవరు మాట్లాడాలి, ఎన్ని నిమిషాలు, తెర మీద ఏ బొమ్మ రావాలి, అన్నీ పిలిచినవాళ్ళవే. అందుకని నాది ఒకటే షరతు. పిలుపు రాగానే జవాబు రాయండి. "నా ప్రసంగంలో జైల్లో ఉన్న మీ ఆడవాళ్ళ పేర్లు చదువుతాను, అభ్యంతరం లేకపోతే వస్తాను" అని. ఒప్పుకుంటే పోయి చదవండి, వచ్చినాక మేమే దేవరకొండ బస్టాండులో దండ వేస్తాం. ఒప్పుకోకపోతే పోకండి. ఊరికే మానేయకండి. జ్వరమొచ్చింది, వేరే పనుంది అని తప్పుకుంటే అది ఖాళీ కుర్చీ కాదు, టెంట్‌హౌస్ పిల్లలు ఎత్తుకుపోయే కుర్చీ. ఎందుకు రావడం లేదో నలుగురికీ చెప్పండి.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. లీడ్స్‌లో పీహెచ్‌డీ చదివే ఇద్దరు పిల్లల తల్లి సల్మా అల్-షెహాబ్ సెలవులకు ఇంటికి వస్తే పట్టుకుని, ట్విట్టర్ రాతలకు 2022లో 34 ఏళ్ళ శిక్ష వేశారు. ప్రపంచం మొత్తుకున్నాక తగ్గించుకుంటూ వచ్చారు, 2025లో విడుదలైంది. మనాహెల్ అల్-ఒతైబికి, ఆమె వేసుకున్న బట్టలకు, ఆన్‌లైన్‌లో రాసిన మాటలకు 2024 జనవరిలో 11 ఏళ్ళు వేశారు. ఆ మార్చిలోనే ఐక్యరాజ్య సమితి మహిళా కమిషన్‌కు అధ్యక్ష స్థానం సౌదీకి ఇచ్చారు. ఆ గదిలో ఒక్క దేశమూ కాదనలేదు. మన దేశమూ నోరు మెదపలేదు. 2030లో రియాద్‌లో ఎక్స్‌పో ఉంది, 2034లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఉంది. మధ్యలో ఎన్ని సదస్సులుంటాయో, వాటిలో ఎన్నింటికి "మహిళ" అన్న మాట తగిలిస్తారో మీకే ఎక్కువ తెలుసు.

సౌదీని అంటున్నావు, ఇక్కడి సంగతేందని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ వ్యాపారవేత్తల సదస్సు జరిగింది, "ఆడవాళ్ళే ముందు" అన్నది దాని నినాదం. మీలో కొందరు వెళ్ళారు. అదే నెలలో నగరంలో అడుక్కోవడం నిషేధించి, అడుక్కునేవాళ్ళను పట్టుకుని జైళ్ళ ఆవరణలో పెట్టారు. అందులో ఆడవాళ్ళు లేరా? 2023 జూన్‌లో మహాబలిపురంలో మన దేశం డబ్ల్యూ20 సదస్సు పెట్టింది. పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా ఆడవాళ్ళతో కలిసి రోడ్డు మీద కూర్చున్న గుల్ఫిషా ఫాతిమా అప్పటికి మూడేళ్ళకు పైగా విచారణ లేకుండా ఢిల్లీ జైల్లో ఉంది. కార్మికుల, ఆదివాసుల కేసులు వాదించిన సుధా భరద్వాజ్ మూడేళ్ళు ఉపా అనే ఉగ్రవాద వ్యతిరేక చట్టం కింద నిర్బంధంలో ఉండి 2021 డిసెంబర్‌లో బెయిలు మీద వచ్చింది. మహాబలిపురం వెళ్ళినవాళ్ళలో ఎవరైనా ఆ పేర్లు తీశారా? సౌదీకి పెట్టిన షరతే ఢిల్లీకీ పెట్టండి. లేకపోతే లుజైన్ పేరు తీసే అర్హత మనకుండదు. ఈ పేరా రాయొద్దని మా సంఘంలో ఇద్దరు గట్టిగా చెప్పారు. లోన్లు ఆగుతాయని. వాళ్ళ భయం తప్పని నేననను.

అన్నకు కూడా ఈ ఉత్తరం సంగతి చెప్పాను. ఇంటికొచ్చి చాలా కాలమైంది, ఇప్పుడు ఇక్కడే ఆటో నడుపుతున్నాడు. అక్కడున్నప్పుడు ఒకసారి ఆ జైలు ఆడవాళ్ళ సంగతి ఫోన్‌లో అడిగితే, "గా ముచ్చట్లు ఫోన్ల మాట్లాడకు" అని కట్ చేసేశాడు. ఇప్పుడు నింపాదిగా చెప్పాడు. లైసెన్సు వచ్చినంక వాళ్ళ మేడమ్ మొదటిసారి బండి తీసిననాడు ఈయనను పక్క సీట్లో కూర్చోబెట్టుకుందట. తొమ్మిదేళ్ళు వెనక సీట్లో కూర్చున్న మనిషి. గల్లీ చివరిదాకా పోయి, తిప్పడం రాక ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చిందట. ఎందుకేడ్చిందో ఈయన అడగలేదు, ఆమె చెప్పలేదు. "ఆమెకు ఎరుక ఉండె అనుకుంటనే, ఎవరి పుణ్యమో" అన్నాడు.

మొన్న 5వ తారీఖు మా గ్రామ సంఘం మీటింగ్‌లో తీర్మానం రాశాం. అప్పుల వసూళ్ళు, కొత్త లోన్ దరఖాస్తులు అయినాక మూడో అంశం. "హక్కులడిగి జైలుపాలైన ఆడవాళ్ళ పేర్లు చదవనివ్వని సదస్సులకు మన రాష్ట్రం నుంచి ఎవరూ వెళ్ళకూడదని కోరుతున్నాం" అని. పేర్లు పలకడం అందరికీ కష్టమైంది. ఒకామె లుజైన్‌ను లచ్చమ్మ చేసింది, నవ్వుకున్నాం. మినిట్స్ పుస్తకంలో సరిగ్గా రాయడానికి మా అమ్మాయి రెండుసార్లు కొట్టేసి రాసింది. ఇరవై ఆరు మంది సంతకాలు పెట్టారు, నలుగురు వేలిముద్రలు వేశారు. స్టేషన్‌లో బల్ల మీద కూర్చున్నామె మొదటి సంతకం నాదేనని పెన్ను లాక్కుంది. మూడు రూపాయల వడ్డీ కట్టినామె కూడా పెట్టింది, ఈసారి మాత్రం లోన్ వచ్చినంకనే ఈ కాగితం బయటికి పంపమని చెప్పి మరీ పెట్టింది.

లోన్ నిన్న పడింది. అందుకే ఈ రోజు పంపుతున్నాను.

ఇట్లు,
ఒక గ్రామ సంఘం లీడర్,
దేవరకొండ డివిజన్, నల్గొండ జిల్లా